ధమని దారిన మందు

మా పెద్దమ్మ కొడుక్కి నాలుక క్యాన్సర్. ముదిరిపోయింది, ఆపరేషన్ కుదరదన్నారు. ఒక బంధువు వచ్చి, "కణితికి రక్తం పోసే ధమనిలోకే మందు ఎక్కిస్తారట, సైడ్ ఎఫెక్టులే ఉండవట, ఎకరం అమ్మేద్దాం" అన్నాడు. నేను డాక్టరును కాను, రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. అయినా ఆ "ఉండవట" దగ్గర ఆగిపోయాను.

ఈ ఆలోచన కొత్తది కాదు. విషవాయువుల పరిశోధనలోంచి పుట్టిన నైట్రోజన్ మస్టర్డ్‌ను 1942లో అమెరికాలోని యేల్‌లో క్యాన్సర్ రోగికి ఇచ్చారు. 1950లో వాషింగ్టన్‌లోని క్లాప్ బృందం దాన్ని నేరుగా ధమనిలోకి ఎక్కించిన అనుభవాన్ని ప్రచురించింది. 1959లో సల్లివాన్ బృందం ధమనిలోకి మెథోట్రెక్సేట్ పంపుతూ, దాని విరుగుడును కండకు ఇచ్చింది.

1990లలో రాబిన్స్ అనే సర్జన్ శాన్‌డియేగోలో, తర్వాత మెంఫిస్‌లో ఈ పద్ధతికి పదును పెట్టాడు. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని మెడ దాకా తోసి, కణితికి రక్తమిచ్చే కొమ్మలో సిస్‌ప్లాటిన్ వదిలేవారు. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 150 మిల్లీగ్రాములు, వారానికొకసారి, నాలుగుసార్లు. అదే సమయంలో సిరలోకి సోడియం థయోసల్ఫేట్. ఒంట్లోకి జారిన మందును అది నిర్వీర్యం చేస్తుంది. తోడుగా రేడియేషన్. ఇటు ఖర్చు, అటు వెంటనే జమ: లెక్కలవాడిగా నాకు ముచ్చటేసింది. చాలామందిలో కణితి కనిపించకుండా పోయింది కూడా. అయితే పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. తాయెత్తుకు రుజువు అడిగే మన సంఘంలోనూ సూదిమందుకు ఆ ప్రశ్న వేసేవాళ్ళు తక్కువే.

నెదర్లాండ్స్ వాళ్ళు వేశారు. ఆపరేషన్‌కు అందని నోటి, గొంతు క్యాన్సర్ రోగులు 239 మందిని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ధమనిలో, రెండో గుంపుకు మామూలుగా సిరలో సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. రేడియేషన్ అందరికీ. 2010లో ఫలితం వెలువడింది. కణితి అదుపులో గాని, బతికిన కాలంలో గాని చెప్పుకోదగ్గ తేడా లేదు. ధమని పద్ధతిలో కిడ్నీలకు దెబ్బ తగ్గింది, నరాల సమస్యలు మాత్రం పెరిగాయి. మెదడుకు రక్తం తీసుకెళ్ళే దారి పక్కనే కదా పనంతా!

కాగితాలు తమ్ముడికి చదివి వినిపించాను. వాడు డాక్టరు ముందు పెట్టాడు. ఆయన తిరగేసి, సిర చాలన్నాడు. రేడియేషన్ మూడో వారం నడుస్తోంది. ఎకరం అలాగే ఉంది. వాడికి మజ్జిగ కూడా ముక్కు గొట్టంలోంచే పోస్తున్నాం.