రైలు ఆగింది, తీగ తెగింది, కారు కూరుకుపోయింది

న్యూయార్క్ నుంచి బోస్టన్‌కు దూరం మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. 1888 మార్చి రెండో వారంలో ఆ కాస్త దూరానికి టెలిగ్రాం పంపాలంటే, దాన్ని అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన కేబుల్ మీదుగా లండన్ పంపి, అక్కడి నుంచి తిరిగి అమెరికాకు రప్పించుకోవాల్సి వచ్చింది. రెండు నగరాల మధ్య తీగలన్నీ మంచు బరువుకు, గాలి దెబ్బకు తెగిపడ్డాయి.

అమెరికా మంచు తుపానుల చరిత్ర తిరగేస్తే ఇలాంటి వింతలు, వాటి పక్కనే చావుల లెక్కలు కనబడతాయి. మంచు ఎన్ని అడుగులు పడిందన్నది అందులో సగం కథే. ఏ కాలంలో జనం దేన్ని నమ్ముకుని బతికారో, తుపాను సరిగ్గా దాన్నే పట్టుకుంది.

మొదట్లో ఆ నమ్మకం ఎడ్లబండి మీద ఉండేది. 1846లో కాలిఫోర్నియాకు బయల్దేరిన డోనర్ బృందం, దగ్గరి దారి ఉందన్న మాట నమ్మి వారాల తరబడి కాలం పోగొట్టుకుంది. సియెరా నెవాడా కొండలు చేరేసరికి చలికాలం ముంచుకొచ్చింది. కనుమ దాటలేక ఎనభై మందికి పైగా అక్కడే చిక్కుపడ్డారు. మొదటి సహాయక బృందం 1847 ఫిబ్రవరిలో గానీ చేరలేదు. దాదాపు సగం మంది పోయారు. బతికినవాళ్లలో కొందరు చనిపోయినవారి మాంసం తిని ప్రాణం నిలుపుకున్నారు.

తర్వాత రైలు వచ్చింది. రైలును చూసుకునే డకోటా మైదానాల్లో ఊళ్లు వెలిశాయి. అక్కడ చెట్లు తక్కువ, పొయ్యిలోకి బొగ్గు కావాలన్నా, వంటకు పిండి కావాలన్నా రైలే తేవాలి. 1880 అక్టోబరు మధ్యలోనే మొదటి తుపాను కొట్టింది. ఆ చలికాలమంతా ఒకదాని వెనక ఒకటిగా వచ్చిన తుపానులు పట్టాలను పూడ్చేశాయి. కూలీలు పారలతో తవ్వడం, మర్నాటికి మళ్లీ పూడిపోవడం. డి స్మెట్ అనే చిన్న ఊళ్లో జనం ఎండుగడ్డిని తాళ్లలా పేని పొయ్యిలో పెట్టారు, కాఫీ గింజలు విసిరే మరలో గోధుమలు పోసి పిండి చేసుకున్నారు. ఆ ఊళ్లోనే ఆ శీతాకాలం గడిపిన పదమూడేళ్ల లారా ఇంగల్స్ పెద్దయ్యాక దాన్ని ‘ది లాంగ్ వింటర్’ నవలగా రాసింది. 1940లో అచ్చయిన ఆ పుస్తకం పిల్లల కోసం రాసిందే గానీ, ఆకలి గురించి అంత నిబ్బరంగా రాసిన పుస్తకాలు పెద్దల సాహిత్యంలోనూ తక్కువే.

1888లో రెండు తుపానులు రెండు రకాల పాఠాలు చెప్పాయి. జనవరి 12న మైదాన ప్రాంతంలో పొద్దున వాతావరణం వెచ్చగా ఉంది. మందపాటి కోట్లు లేకుండానే పిల్లలు బడికి వెళ్లారు. అంతలో తుపాను విరుచుకుపడింది. పిండిలాంటి మంచు, ముందున్న మనిషి కూడా కనబడని గాలి. మృతులు 235 మంది దాకా ఉంటారని అంచనా, వారిలో ఇళ్లకు బయల్దేరిన బడి పిల్లలే చాలామంది. అప్పట్లో వాతావరణ సూచనలు సైన్యంలోని సిగ్నల్ విభాగం ఇచ్చేది. హెచ్చరిక ఉన్నా పొలాల మధ్య ఒంటరిగా ఉన్న బడి దాకా అది చేరే దారి లేదు.

రెండు నెలలకు న్యూయార్క్ వంతు. మార్చి 11 ఆదివారం వాన పడింది, అర్ధరాత్రి దాటాక అది మంచుగా మారింది. సోమవారం పొద్దున జనం అలవాటు కొద్దీ పనులకు బయల్దేరారు. వీధుల మీద ఎత్తైన ఇనుప స్తంభాలపై నడిచే రైళ్లు మధ్యలో నిలిచిపోయి వేలమంది గాలిలో చిక్కుకున్నారు. కొందరు యువకులు నిచ్చెనలు తెచ్చి, తలకింత అని వసూలు చేసి కిందికి దించారు. ఎంత విపత్తులోనైనా బేరం చూసుకునేవాడు ఉంటాడు. మాజీ సెనేటర్ రాస్కో కాంక్లింగ్ మాత్రం వాల్ స్ట్రీట్ నుంచి తన క్లబ్బుకు నడిచే వెళ్తానని బయల్దేరాడు. మంచు మేటల్లో కూరుకుని లేచి, చివరికి అక్కడిదాకా చేరాడు గానీ జబ్బుపడి ఏప్రిల్‌లో కన్నుమూశాడు. నగరంలో 21 అంగుళాల మంచు పడితే, ఆల్బనీలో 46 అంగుళాలు దాటింది. నాలుగు వందల మందికి పైగా మరణించారు, సగం మంది న్యూయార్క్‌లోనే.

తీగలను భూమిలో పాతాలని, రైళ్లను సొరంగాల్లో నడపాలని అప్పటికే వాదనలున్నాయి. తుపాను వాటికి బలమిచ్చింది. బోస్టన్‌లో 1897లో, న్యూయార్క్‌లో 1904లో భూగర్భ రైలు మొదలైంది. వాతావరణ శాఖ కూడా 1891లో సైన్యం చేతి నుంచి పౌర ప్రభుత్వానికి మారింది.

రైలు మాత్రం కొండల్లో ఓడిపోతూనే ఉంది. 1952 జనవరి 13న ‘సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో’ అనే విలాసవంతమైన రైలు, డోనర్ బృందం చిక్కుకున్న ఆ కొండల్లోనే 226 మందితో కూరుకుపోయింది. దాన్ని లాగడానికి వచ్చిన మంచు తొలిచే యంత్రాలూ ఇరుక్కున్నాయి. మూడో రోజుకు గానీ ప్రయాణికులు బయటపడలేదు.

ఆపై కారు కాలం. 1977 జనవరి చివర బఫెలోలో కొత్తగా పడిన మంచు అడుగు మాత్రమే. కానీ గడ్డకట్టిన ఈరీ సరస్సు మీద వారాలుగా పేరుకున్న పొడి మంచును, గంటకు 110 కిలోమీటర్ల గాలి ఊరి మీదికి తోసింది. తొమ్మిది మంది తమ కార్లలోనే శవాలై దొరికారు. జంతు ప్రదర్శనశాలలో మంచు మేట కంచె ఎత్తుకు చేరితే మూడు రెయిన్‌డీర్లు దాని మీదుగా నడిచి ఊళ్లోకి వెళ్లిపోయాయి.

మరుసటి ఏడు ఫిబ్రవరి 6న బోస్టన్ చుట్టుపక్కల జరిగింది ఇంకా చెప్పుకోదగ్గది. తుపాను వస్తుందని వాతావరణ శాఖ చెప్పింది. తెల్లవారుజామున పడాల్సిన మంచు ఆలస్యమయ్యేసరికి, ఈ సూచనలు ఎప్పుడూ ఇంతేనని జనం ఆఫీసులకు వెళ్లారు. మధ్యాహ్నం అందరూ ఒకేసారి ఇంటిదారి పట్టారు. 128వ నంబరు రహదారి మీద మూడు వేలకు పైగా కార్లు, ఐదు వందల ట్రక్కులు కూరుకుపోయాయి. ఇంజన్ ఆపితే చలి, ఆపకపోతే పూడిన పొగగొట్టం నుంచి కారులోకి కార్బన్ మోనాక్సైడ్. ఆ వాయువు ఆ దారిలో సుమారు పద్నాలుగు మందిని బలి తీసుకుంది. గవర్నర్ మైకేల్ డుకాకిస్ వారంపాటు కార్లను నిషేధించి, స్వెట్టర్ వేసుకుని టీవీలో రోజూ జనంతో మాట్లాడాడు. అది ఆయనకు పేరు తెచ్చింది. షికాగో మేయర్ మైకేల్ బిలాండిక్‌కు అంత అదృష్టం లేదు. 1979 జనవరి మంచును ఎత్తించలేకపోయాడన్న కోపంతో ఓటర్లు ఫిబ్రవరి ప్రాథమిక ఎన్నికలో ఆయన్ని ఓడించి జేన్ బర్న్‌ను గెలిపించారు.

1993 మార్చిలో వచ్చిన పెద్ద తుపానును కంప్యూటర్ నమూనాలతో ఐదు రోజుల ముందే చెప్పగలిగారు. మంచు పడకముందే రాష్ట్రాలు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. 2016 జనవరిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాల రికార్డు మంచు పడినప్పుడు, న్యూజెర్సీ, వర్జీనియా తెలుగిళ్లు పాలు, పెరుగు, బియ్యం ముందే తెచ్చుకుని తలుపులేసుకున్నాయి.

అయినా 2022 క్రిస్మస్ ముందురోజుల్లో బఫెలోలో ఏమైంది? సూచన ఉంది, హెచ్చరిక ఉంది. వాహనాల నిషేధం మాత్రం 23వ తేదీ పొద్దున తొమ్మిదిన్నరకు, తుపాను మొదలవుతుండగా వచ్చింది. అప్పటికే జనం రోడ్లమీద ఉన్నారు. అంబులెన్సులు, ఫైరింజన్లూ కదల్లేదు. ఒక మెకానిక్ బడి కిటికీ పగలగొట్టి ఇరవై మందికి పైగా లోపల తలదాచుకునేలా చేసి, అద్దం పగలగొట్టినందుకు క్షమించమని చీటీ రాసిపెట్టి వెళ్లాడు. విమానాశ్రయంలో 51.9 అంగుళాలు కొలిచారు. బఫెలో ఉన్న ఈరీ కౌంటీలో 47 మంది చనిపోయారు. ముందే తెలిసిన తుపానుకు ఇది పెద్ద సంఖ్యే, అందులో కొంత పాలకుల జాప్యానికి వేయక తప్పదు.

బఫెలో విశ్వవిద్యాలయంలో తెలుగు పిల్లలూ చదువుకుంటున్నారు. అక్కడ పిల్లలున్నవాళ్లు ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగు మాటలూ చెప్పండి: కారు మంచులో చిక్కితే దిగి నడిచి పోవద్దు, పొగగొట్టం చుట్టూ మంచు తీసేయండి, గంటకు పది నిమిషాలే ఇంజన్ నడపండి, ఆ సేపు కిటికీ కొంచెం తెరిచి ఉంచండి.