వాచకాల్లో ఎవరూ ఏడవరు

మా పిన్నికి పెళ్లయిన కొత్తలో బాబాయి ఇంగ్లీషు నేర్పే పుస్తకం ఒకటి కొనిచ్చారు. అందులో రాము బంతి ఆడతాడు. నాన్నగారు ఆఫీసు నుంచి వస్తారు. అమ్మ కాఫీ ఇస్తుంది. ఎవరూ అలగరు, ఎవరూ ఏడవరు. "ఇలాంటి కాపురం ఏ ఊళ్లో ఉందే?" అని నవ్వేది పిన్ని.

సరిగ్గా ఆ అనుమానమే యూజీన్ అయొనెస్కోకీ వచ్చింది. 1909లో రుమేనియాలో పుట్టాడాయన. తల్లి వైపువారు ఫ్రెంచివారు. బాల్యం ఫ్రాన్సులో గడిచింది. అమ్మా నాన్నా విడిపోయాక, పదమూడేళ్ల వయసులో తండ్రి దేశం వెళ్లి, తండ్రి భాష నేర్చుకోవలసి వచ్చింది. పెద్దయ్యాక బుకారెస్టులో ఫ్రెంచి పంతులు కూడా అయ్యాడు. భాష నేర్చుకోవడమంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పాలా!

1948లో, పారిస్‌లో, ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో ఇంగ్లీషు నేర్చుకుందామని 'అసిమిల్' వాళ్ల పుస్తకం పట్టాడు. వాక్యాలు బుద్ధిగా నోటుపుస్తకంలో ఎక్కించాడు. వారానికి ఏడు రోజులు, నేల కిందుంటుంది, కప్పు పైనుంటుంది... ఇంతలో స్మిత్ దంపతులొచ్చారు. తమ ఇంటిపేరు స్మిత్ అనీ, తమకి పిల్లలున్నారనీ ఆవిడ మొగుడికే చెబుతోంది! ఆయనకి తెలియదా పాపం? ఇంగ్లీషు రాలేదు గానీ, ఆ మాటల్లోంచి 'బోడితల గాయని' నాటకం పుట్టింది. 1950 మే 11న మొదటిసారి ఆడారు. జనం నవ్వుతుంటే, తను రాసింది మాటలు చచ్చిపోయిన విషాదం కదా అని ఆయన విస్తుపోయాడట.

మరుసటి ఏడు వచ్చిన 'పాఠం' చదివి నాకు మాత్రం నవ్వు రాలేదు. పద్దెనిమిదేళ్ల పిల్ల చదువుకోవాలని ఉత్సాహంగా వస్తుంది. మేష్టారు మొదట బెరుకుగా, మర్యాదగా ఉంటాడు. భాషాశాస్త్రం మొదలెట్టాక గొంతు పెరుగుతుంది. పిల్ల పన్ను నొప్పంటుంది. ఆయన వినడు. చివరికి 'కత్తి' అనే మాట వల్లె వేయిస్తూ, వేయిస్తూ, పొడిచేస్తాడు. ఆ రోజుకి ఆమె నలభయ్యో పిల్ల!

నన్ను వదలనిది మేష్టారు కాదు, పనిమనిషి మారీ. భాషాశాస్త్రం జోలికి వెళ్లొద్దని ముందే హెచ్చరిస్తుంది. జరిగాక రెండు దెబ్బలు వేస్తుంది. తర్వాత? శవాన్ని మోసుకుపోవడానికి తనూ ఓ చెయ్యి వేస్తుంది. ఎవరూ అడగరని ధైర్యం చెప్పి, నాజీల స్వస్తిక గుర్తున్న పట్టీ ఆయన చేతికి కడుతుంది. 1930లలో రుమేనియాలో తన స్నేహితులే ఫాసిస్టుల పంచన చేరడం కళ్లారా చూసినవాడు అయొనెస్కో. ఊరికే రాయలేదు. ఇంటి మగవాళ్ల కోపాలు కడిగి తుడిచే ఆడవాళ్లం మనకీ కొత్తేం కాదు కదా, అందుకే మారీ నాకు మింగుడుపడదు.

ఇంతా రాసినవాడు 1969లో ఏం చేశాడనుకున్నారు? మిషెల్ బెనమూ అనే ప్రొఫెసరుతో కలిసి, అమెరికా విద్యార్థులకి ఫ్రెంచి వాచకం తయారుచేశాడు! అందులో పిల్లల పేర్లు జాన్‌మారీ, మారీజాన్. సంభాషణలూ అలాగే తిరగామరగా ఉంటాయి. ఏ వాచకాన్ని చూసి నవ్వాడో ఆ వాచకమే రాశాడన్నమాట, కాకపోతే అతి తెలివి పోకుండా, అల్లరిగా. మరుసటి ఏడాదే ఫ్రెంచి అకాడమీ సభ్యుడయ్యాడు.

ఆ రెండు నాటకాలూ 1957 నుంచి పారిస్‌లోని యుషెట్ అనే బుల్లి థియేటర్లో ఆడుతూనే ఉన్నాయి. 'పాఠం' చివర మళ్లీ గంట మోగుతుంది. మారీ వెళ్లి తలుపు తీస్తుంది. మేష్టారి కోసం వచ్చిన కొత్త పిల్లని లోపలికి రమ్మంటుంది.