పందెం వేట

మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అనేది పాత సినిమాల్లోనూ, తాతయ్యల కబుర్లలోనూ మాత్రమే మిగిలింది. ఏ జమీందారుగారి మేడలోనో గోడకి వేలాడే దుప్పికొమ్ములు చూసి "అబ్బో!" అనుకోవడమే గాని, తుపాకీ భుజాన వేసుకుని అడవికి బయలుదేరే మనిషిని మనలో చాలామంది చూసి ఉండరు. అలాంటి మనకు, వేటగాళ్ళందరూ ఒక్కటై "మా వేటపోటీలు ఆపే చట్టం చెయ్యకండి" అని ప్రభుత్వంతో పోరాడారంటే వింతగానే ఉంటుంది. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో ఈ పోరాటం ఒకసారి కాదు, రెండుసార్లు జరిగింది. మొదటిది 1902లో ముగిసింది. రెండోది 2023లో. మధ్యలో నూటఇరవై ఏళ్ళు గడిచినా, రెండు పక్షాలవాళ్ళూ ఆడుకున్న మాటలు చూస్తే అత్తాకోడళ్ళ తగువులాగా అవే మాటలు, అవే జవాబులు!

న్యూయార్కు అనగానే మనకి ఆకాశాన్నంటే మేడలే గుర్తొస్తాయి. అది నగరం. అదే పేరుగల రాష్ట్రం చాలా పెద్దది. కొండలు, అడవులు, పాడిపశువులు, ఆపిల్ తోటలు, ఆదివారం చర్చికి వెళ్ళి అందరినీ పేరు పెట్టి పలకరించుకునే చిన్నచిన్న ఊళ్ళు. ఆ ఊళ్ళలో చలికాలంలో వేటపోటీలు జరిగేవి. రుసుము కట్టి పేరు రాయించుకోవాలి. రెండు మూడు రోజులు అడవిలో తిరిగి కాయోటీలను చంపాలి. కాయోటీ అంటే మన నక్కకి పెద్దన్న, తోడేలుకి తమ్ముడు అనుకోండి. ఆఖరి రోజున అందరూ తాము చంపినవాటిని తెచ్చి ఒకచోట తూకం వేయిస్తారు. ఎక్కువ బరువున్న దానికి ఒక బహుమతి, ఎక్కువ సంఖ్యలో చంపినవాళ్ళకి ఇంకొకటి. నగదో, తుపాకీయో ఇస్తారు. హాలీ అనే చిన్న ఊళ్ళో అయితే ఉడతల వేటకే పోటీ పెట్టేవారు. దాని మీద వచ్చిన డబ్బు ఆ ఊరి అగ్నిమాపక దళానికి. అక్కడి పల్లెల్లో మంటలార్పేవాళ్ళు చాలాచోట్ల జీతగాళ్ళు కారు, ఊరివాళ్ళే స్వచ్ఛందంగా చేస్తారు. గొట్టాలకీ బండ్లకీ చందాలు పోగు చేసుకోవాల్సిందే.

ఈ సంగతి నేను మా పిన్నికి చెబితే ఆవిడ వత్తులు చేసుకుంటూ అంతా విని ఒక్క ప్రశ్న వేసింది. "గొర్రెపిల్లను ఎత్తుకుపోతే చంపారు, బాగానే ఉంది. తినడానికి చంపారు, అదీ సరే. ఆ లెక్కలూ, తూకాలూ ఎందుకే?"

ఆ రాష్ట్రంలో నూట ఏభై ఏళ్ళుగా జరుగుతున్న తగువంతా ఆ ఒక్క ప్రశ్న మీదే. అది అర్థం కావాలంటే వెనక్కి, 1881కి వెళ్ళాలి.

ఆ రోజుల్లో ఉత్తర అమెరికాలో ప్యాసెంజర్ పావురం అనే పిట్ట ఉండేది. ఒకప్పుడు వాటి సంఖ్య మూడువందల కోట్లకు తక్కువ ఉండదని శాస్త్రజ్ఞుల అంచనా. గుంపు కదిలిందంటే మధ్యాహ్నం పూట మబ్బు పట్టినట్టు సూర్యుడు కనపడేవాడు కాదట. 1881లో న్యూయార్కు దగ్గర కోనీ ఐలండ్‌లో తుపాకీ పోటీలు జరిగాయి. వాటికోసం ఇరవైవేల ప్యాసెంజర్ పావురాలను వలలు వేసి పట్టి, బుట్టల్లో కుక్కి, రైళ్ళలో తెప్పించారు. దారిలోనే ఎన్నో చచ్చిపోయాయి. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా పెట్టెలో పెట్టి, తాడు లాగి మూత తెరిచేవారు. ఎగిరిన పిట్టను ఎగిరినట్టే కాల్చాలి. ఎన్ని పడితే అన్ని మార్కులు. ఇంతకీ ఆ పోటీలు జరిపిన సంఘం పేరేమిటో తెలుసునా? న్యూయార్కు రాష్ట్ర చేపల, వేటజంతువుల సంరక్షణ సంఘం! నవల్లో ఇలాంటి పేరు పెడితే "ఎబ్బే, మరీ అతిగా ఉందండీ" అని పాఠకులు ఉత్తరాలు రాస్తారు. చరిత్రకి ఆ భయం లేదు.

దీన్ని ఎదిరించినాయన హెన్రీ బెర్గ్. ఓడలు కట్టించే సంపన్నుడి కొడుకు. 1866లో న్యూయార్కులో జంతుహింస నివారణ సంఘం స్థాపించాడు. బరువు లాగలేని గుర్రాన్ని కొట్టే బండివాణ్ణి నడిబజారులో ఆపి నిలదీసేవాడు. పత్రికలవాళ్ళు ఆయన మీద బొమ్మలు వేసి నవ్వుకునేవారు. అందరి పనుల్లోనూ వేలు పెట్టే మనిషని ఆయనకో బిరుదు కూడా తగిలించారు. రాష్ట్ర రాజధాని ఆల్బనీలో చట్టం చేయించాలని ఆయన తిరిగాడు. వేటక్లబ్బులవాళ్ళు అడ్డం పడ్డారు. వాళ్ళు సామాన్యులు కారు. పలుకుబడి గలవాళ్ళు, శాసనసభ్యులతో కలిసి భోజనాలు చేసేవాళ్ళు. ఈ పిట్టలు ఎలాగూ బజారులో కూరకి అమ్ముడుపోయేవే గదా అన్నారు. ఇది మగతనానికీ, గురికీ అభ్యాసమన్నారు. అన్నిటికంటే గట్టిగా అన్నమాట ఒకటుంది: "ఈవేళ పావురం పోటీ అంటారు, రేపు వేటే వద్దంటారు, ఎల్లుండి తుపాకీ లాక్కుంటారు." బెర్గ్ 1888లో చనిపోయాడు. ఆయన కోరిన చట్టం ఆయన కళ్ళబడలేదు. ప్రాణమున్న పావురాలను పందెం పెట్టి కాల్చడం న్యూయార్కు రాష్ట్రంలో 1902లో నిషేధించారు.

మరి వేటగాళ్ళు భయపడ్డట్టు జరిగిందా? వేట ఆగలేదు, తుపాకులు పోలేదు. గురిపోటీలు కూడా ఆగలేదు. ఎందుకు ఆగలేదంటే, చట్టం రాకముందే 1880లో సిన్సినాటి నగరవాసి జార్జి లిగోవ్‌స్కీ ఒక మట్టిబిళ్ళ తయారుచేశాడు. చెరువు మీద పిల్లలు పెంకులు విసిరితే తేలుతూ గెంతుతూ పోతాయే, అలా గాలిలో తిరుగుతూ పోయే బిళ్ళ. దాన్ని విసిరే యంత్రమూ చేశాడు. ఎగిరే పిట్ట బదులు ఎగిరే బిళ్ళ. దానికి మట్టి పావురమనే పేరు పెట్టారు, ఇప్పటికీ అదే పేరు. 1900లో పారిస్ ఒలింపిక్సులో ప్రాణమున్న పావురాలను కాల్చారు. ఆ తర్వాత ఒలింపిక్సులో బిళ్ళలే. 2004లో ఏథెన్సులో మన రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ వెండి పతకం తెచ్చినప్పుడు మనమంతా టీవీల ముందు చప్పట్లు కొట్టాం గదా. ఆయన పగలగొట్టినవి ఆ మట్టి పావురాలే!

అసలు పావురం మాత్రం మిగల్లేదు. దానికి పోటీలొక్కటే కారణమంటే అన్యాయం. బజారు కోసం చంపినవి అంతకు ఎన్నో రెట్లు, పైగా అడవులు నరికేశారు. మొత్తానికి ఆ జాతిలో ఆఖరిది, మార్తా అనే ఆడపావురం, 1914 సెప్టెంబరు 1న జంతుప్రదర్శనశాలలో కన్నుమూసింది. ఎక్కడనుకున్నారు? ఆ మట్టిబిళ్ళ పుట్టిన సిన్సినాటిలోనే.

ఆ రోజుల్లోనే ఇంకొక ముచ్చట. క్రిస్మస్ నాడు మగవాళ్ళు రెండు జట్లుగా విడిపోయి, తుపాకులు పుచ్చుకుని బయలుదేరే ఆచారం ఒకటుండేది. కనపడ్డ పిట్టనల్లా కొట్టడం, సాయంత్రం గుట్టలు పోసి లెక్కబెట్టడం, ఎవరి గుట్ట పెద్దదైతే వాళ్ళు గెలిచినట్టు. న్యూయార్కు మ్యూజియంలో పక్షుల శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ చాప్‌మన్‌కి ఇది నచ్చలేదు. ఈయనకి మొదటినుంచీ లెక్కల పిచ్చి ఉంది. 1886లో న్యూయార్కు బజారులో నడుస్తూ, ఎదురొచ్చిన ఆడవాళ్ళ టోపీల మీద ఏయే పిట్టల ఈకలున్నాయో రాసుకున్నాడు. నలభై జాతులు తేలాయి! (ఆ మాట చదివినప్పుడు, ఈ కథలో తప్పంతా మగవాళ్ళదేనని రాద్దామనుకున్న నా కలం కాసేపు ఆగింది.) 1900 క్రిస్మస్‌కి ఈయన తన పత్రికలో ఒక కొత్త పోటీ ప్రకటించాడు. పిట్టలను చంపకుండా లెక్కపెట్టండి, జాబితా మాకు పంపండి అని. ఆ ఏడు ఇరవై ఏడుమంది పాల్గొన్నారు. ఇప్పుడు ప్రతి ఏడూ వేలాదిమంది పాల్గొంటున్నారు. ఆ జాబితాలే ఏ పక్షి పెరుగుతోందో, ఏది తరిగిపోతోందో శాస్త్రజ్ఞులకు చెబుతున్నాయి.

ఇక మళ్ళీ మన కాలానికి వద్దాం. కాలిఫోర్నియా 2014లో, వెర్మాంట్ 2018లో, న్యూమెక్సికో 2019లో ఇలాంటి పోటీలకు అడ్డుకట్ట వేశాయి. న్యూయార్కులో బిల్లు రాగానే వేటసంఘాలు ఎదురుతిరిగాయి. నవలలు రాసేదాన్ని గనక నాకు రెండో పక్షం గొంతు కూడా వినాలనిపిస్తుంది. పూర్తిగా చెడ్డవాళ్ళు కథల్లోనే గాని తగువుల్లో తక్కువ. వాళ్ళు చెప్పింది ఇది: కాయోటీలు గొర్రెపిల్లలను, లేళ్ళ కూనలను చంపుతున్నాయి. మందలో పోయిన గొర్రెపిల్ల ఖరీదు నగరంలో కూచున్నవాళ్ళకి తెలియదు. ఈ పోటీ మా తాతలనాటి సరదా, తండ్రీకొడుకులు కలిసి అడవిలో గడిపే రెండు రోజులు. దీనివల్ల మా ఊరికి నాలుగు డబ్బులొస్తాయి. మమ్మల్ని మోటువాళ్ళ కింద జమకట్టి, మా ఊళ్ళు ఎన్నడూ చూడనివాళ్ళు మాకు చట్టాలు చేస్తారేమిటి? సంక్రాంతికి కోడిపందేల మాటెత్తినప్పుడు మన గోదావరి జిల్లాలవాళ్ళ ముఖాలు గుర్తున్నవారికి ఈ కోపం అర్థమవుతుంది. చివరికి 1902 నాటి మాట కూడా వచ్చింది: "ఈవేళ పోటీ, రేపు వేట, ఎల్లుండి తుపాకీ."

గొర్రెల నష్టం నిజమే. కాని దానికి పోటీ మందు కాదని వన్యప్రాణి శాస్త్రజ్ఞులు చెబుతారు. మందమీద పడే జంతువు ఒకటైతే పోటీలో చచ్చేది ఇంకొకటి. పైగా కాయోటీల గుంపును చెదరగొడితే మిగిలిన ఆడవి ఎక్కువ పిల్లల్ని కంటాయి. ఆ మాటకొస్తే న్యూయార్కు అడవుల్లోకి కాయోటీలు వచ్చిందే ఇరవయ్యో శతాబ్దంలో. అంతకుముందు అక్కడ తోడేళ్ళుండేవి. తలకింత అని వెల కట్టి వాటిని తుడిచిపెట్టాక, ఖాళీ అయిన ఇంట్లోకి ఇవి అద్దెకి దిగాయి.

2023 డిసెంబరులో గవర్నరు కాథీ హోకుల్ సంతకం చేశారు. 2024 నవంబరు 1 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. బహుమతి కోసమో వినోదం కోసమో అడవి జంతువులను చంపే పోటీ పెట్టినా, పాల్గొన్నా 500 నుంచి 2,000 డాలర్ల దాకా జరిమానా. లేళ్ళు, ఎలుగుబంట్లు, టర్కీ కోళ్ళ పోటీలను మాత్రం వదిలేశారు. జీవకారుణ్య సంఘాలవాళ్ళకి ఇది కొరతే. కాని శాసనసభలో ఏదీ పూర్తి వడ్డన కాదు గదా! లైసెన్సు తీసుకుని సీజనులో కాయోటీని వేటాడటానికి ఇప్పటికీ అభ్యంతరం లేదు. మందను కాపాడుకోవడానికీ లేదు. ఆపింది పందేన్ని. అంటే మా పిన్ని అడిగిన లెక్కనీ, తూకాన్నీ.

అందుకే "రేపు వేటే వద్దంటారు" అన్న భయానికి న్యూయార్కు చరిత్రలోనే జవాబుందని నాకనిపిస్తుంది. 1902 తర్వాత నూటఇరవై ఏళ్ళు గడిచాయి. ఆ రాష్ట్రంలో వేట సాగుతూనే ఉంది. పోయింది పెట్టెలోని పావురం పందెం ఒక్కటే. దాని కోసం ఏడ్చేవాళ్ళు ఈవేళ ఎవరూ లేరు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. హాలీలాంటి ఊళ్ళకి చందా ఇంకా కావాలి. చలికాలంలో నలుగురూ చేరే సరదా ఒకటి కావాలి. పిల్లవాడి చేతిలో బొమ్మ లాక్కుని ఊరుకుంటే ఏడుస్తాడని తల్లులందరికీ తెలుసు. ఇంకోటి చేతిలో పెట్టాలి. 1880లో ఒకాయన మట్టిబిళ్ళ పెట్టాడు. 1900లో ఇంకొకాయన కాగితం, పెన్సిలు పెట్టాడు. 2023 నాటి చట్టం పందేన్ని లాక్కుంది. చేతిలో ఏం పెట్టాలో ఇంకా ఎవరైనా ఆలోచించాలి.