కుక్కి మంచం, కొబ్బరి పీచు, నడుము నొప్పి

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అంటారు. రెండో సగం చెప్పినవాళ్ళకి నడుము నొప్పి లేదని నా అనుమానం. నడుం పట్టేసినవాడి నిద్రకి సుఖం బాగా తెలుసు, అది లేకపోవడం ఇంకా బాగా తెలుసు. అలాంటివాళ్ళందరికీ మన ఇళ్ళల్లో దొరికే సలహా ఒకటే: "గట్టి పక్క మీద పడుకో." డాక్టర్లూ ఇదే చెప్పారు, పరుపుల కొట్లవాళ్ళూ ఇదే చెప్పారు. ఈ మాట మనకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

నాకు తోచిన జవాబు కుక్కి మంచంలో ఉంది. నులక మంచం నిజానికి తెలివైన వస్తువు. కాళ్ళవైపు తాడు బిగిస్తే పక్క గట్టిపడుతుంది, వదులు చేస్తే మెత్తబడుతుంది. మనిషి బరువుని బట్టి సర్దుకోవచ్చు. కానీ బిగించే ఓపిక ఎవరికుంటుంది? నులక సాగి, మంచం నడుమ గొయ్యి పడుతుంది. అందులో పడుకుంటే శరీరంలో బరువైన భాగం, అంటే తుంటి, కిందికి దిగిపోతుంది. వెన్ను రాత్రంతా విల్లులా వంగి ఉంటుంది. పొద్దున్న లేచేసరికి నడుం రాదు. అలాంటివాణ్ణి నేల మీద చాప వేసుకోమంటే కొంత హాయిగా ఉండడంలో వింత లేదు. తప్పు మెత్తదనానిది కాదు, గొయ్యిది. కానీ మనకి గుర్తుండిపోయింది మాత్రం "గట్టిది మంచిది" అన్న ముక్కే. పాశ్చాత్య దేశాల్లోనూ దాదాపు ఇదే కథ: కుంగిన స్ప్రింగు పరుపుల కింద చెక్క పలక పెట్టమని ఎముకల డాక్టర్లు చాలాకాలం చెప్పారు.

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు ఈమధ్య పోర్టు వార్తల వల్ల అందరికీ తెలిసింది. అంతకుముందు నుంచీ అది వేటకెళ్ళేవాళ్ళ ఊరు. తెప్పనో ఫైబర్ బోటునో ఇసకలోంచి నీళ్ళలోకి తొయ్యడం, తడిసిన వల లాగడం, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరగడం: ఆడా మగా అందరిదీ నడుముతో చేసే పనే. ఈ తీరంలోని మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కి వలసపోయి, నెలల తరబడి బోట్ల మీదే పని చేసి అక్కడే పడుకుంటారు. 'తండేల్' సినిమా చూసినవాళ్ళకి ఆ బతుకు కొంత తెలుసు. కుర్చీల్లో కూచుని నడుం పాడుచేసుకునే మా ఐటీవాళ్ళం పరుపుల గురించి రివ్యూలు చదువుతాం. వాళ్ళకి ఆ ఎంపిక చాలా ఆలస్యంగా అందింది, కొందరికి ఇంకా అందలేదు.

విచిత్రం ఏమిటంటే పరుపుకి కావలసిన సరుకు ఆ పక్కనే ఉంది. భావనపాడు నుంచి ఉత్తరంగా వెళ్తే వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, అంటే ఉద్దానం కొబ్బరి తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చేసిన చెట్లు ఇవే. కొబ్బరి పీచుని మెలిపెట్టి, విప్పి, రబ్బరు పాలు చల్లి, అదిమి వేడిచేస్తే పరుపుకి పనికొచ్చే పలక తయారవుతుంది. కర్ణాటకలో 1962లో మొదలైన కర్లాన్ లాంటి కంపెనీలు దీన్ని దేశమంతా అమ్మాయి. అప్పటిదాకా పరుపంటే బూరుగు దూదో పత్తో. సముద్రపు చెమ్మకి అది గడ్డకట్టేది. ఎండలో వెయ్యాలి, ఏకేవాళ్ళు వస్తే మళ్ళీ ఏకించాలి. పీచు పరుపుకి ఆ బాధ లేదు. పైగా అది గట్టిగా ఉంటుంది, మన పాత నమ్మకానికి అతికినట్టు సరిపోయింది. మీద "ఆర్థోపెడిక్" అన్న మాట చేరింది. అది అమ్మకం మాటే తప్ప, ఏ డాక్టరూ పరీక్షించి వేసిన ముద్ర కాదు.

ఆ నమ్మకాన్ని సరిగ్గా పరీక్షించినవాళ్ళు స్పెయిన్‌వాళ్ళు. 2003లో లాన్సెట్ పత్రికలో కోవాక్స్ బృందం అచ్చేసిన అధ్యయనం అది. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందికి, ఎవరికి ఏది వచ్చిందో చెప్పకుండా, కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టిదనం ఉన్నది ఇచ్చారు. 90 రోజుల తర్వాత చూస్తే మధ్యరకం మీద పడుకున్నవాళ్ళకి పక్క మీద నొప్పి, లేచేటప్పుడు నొప్పి, పగటి పనుల్లో ఇబ్బంది ఎక్కువగా తగ్గాయి. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు. కానీ "ఎంత గట్టిదైతే అంత మంచిది" అన్న మాట మాత్రం అక్కడ నిలబడలేదు.

ఇది ఉద్దానంలో ఉత్త సుఖానికి సంబంధించిన ప్రశ్న కాదు. అక్కడ కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలని తినేసింది. దానికి అసలు కారణం ఇంకా తేలలేదు. అయితే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ఎండలో పని చేసి ఒంట్లో నీరు తగ్గిన మనిషి కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయన్నది వైద్యశాస్త్రానికి బాగా తెలిసిన సంగతి. రాత్రి సరైన పక్క లేక, పొద్దున్నే మందుల షాపులో మాత్ర కొనుక్కుని వేటకి పోయే మనిషికి, పరుపు ధర కంటే ఆ మాత్రల ధర చాలా ఎక్కువ కావచ్చు.

పరుపు నడుము నొప్పిని నయం చెయ్యదు. నడక, వ్యాయామం చేసే మేలు అది చెయ్యలేదు. కాలు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. కొనేటప్పుడు చూడవలసింది కొంచెమే. వెల్లకిలా పడుకుంటే నడుం కింద పెద్ద ఖాళీ మిగలకూడదు, తుంటి లోపలికి కూరుకుపోకూడదు. పక్కకి తిరిగితే భుజం కాస్త దిగాలి, వెన్ను తిన్నగా ఉండాలి. బరువు తక్కువవాళ్ళకి కొంచెం మెత్తనిది, ఎక్కువవాళ్ళకి కొంచెం గట్టిది. నడుమ గొయ్యి పడిన రోజున, అది ఎంత ఖరీదైనదైనా, కుక్కి మంచం కిందే లెక్క. తేడా ఒక్కటే: మంచానికైతే కాళ్ళవైపు బిగించుకోవడానికి ఒక తాడుండేది.