వీసా లేకుండా వచ్చిన గుమ్మడికాయ

అక్టోబరు వచ్చిందంటే చాలు, అమెరికాలో ఉన్న మన మిత్రుల ఫోటోలన్నీ నారింజ రంగులోకి మారిపోతాయి. గుమ్మడి తోటలో పిల్లలు, కళ్ళూ పళ్ళూ చెక్కి లోపల దీపం పెట్టిన గుమ్మడికాయలు. కింద ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు, "మన గుమ్మడికాయని వీళ్ళు కూడా వాడేసుకుంటున్నారే!" అని. నాకు నవ్వొస్తుంది. కథ అచ్చంగా తిరగేసి ఉంది మరి. వాళ్ళ గుమ్మడికాయని మనం వాడేసుకుంటున్నాం, అదీ కొన్ని వందల ఏళ్ళుగా.

మెక్సికోలోని ఒహాకా రాష్ట్రంలో గిలా నకీట్స్ అని ఒక గుహ ఉంది. 1966లో కెంట్ ఫ్లానరీ అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం అక్కడ తవ్వితే గుమ్మడి జాతి గింజలు, తొక్కలు, కాడలు దొరికాయి. 1997లో బ్రూస్ స్మిత్ వాటి వయసు కట్టి, మనుషులు సాగుచేసిన గుమ్మడికి దాదాపు పదివేల ఏళ్ళ చరిత్ర ఉందని తేల్చాడు. అంటే మొక్కజొన్న కంటే కూడా ముందన్నమాట.

అంతకుముందు అడవి గుమ్మడి చేతిలో పట్టేంత కాయ, పచ్చి చేదు. ఏనుగుల చుట్టాలైన మాస్టడాన్లు దాన్ని తిని గింజల్ని దూరదూరంగా చల్లేవి. శిలాజంగా మారిన వాటి పేడలో ఆ గింజలు దొరికాయి. ఆ జంతువులు అంతరించాక గుమ్మడికి దిక్కెవరు? మనిషే. చేదు తక్కువున్న కాయల గింజల్ని దాచి నాటుకుంటూ పోయాడు. ఆ పని ఎంత దూరం వెళ్ళిందంటే, 2023లో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే పోటీలో తూచిన ఒక్క గుమ్మడికాయ 1,247 కిలోలు!

1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటాడు. పట్టుమని ఇరవై ఏళ్ళు కాకుండానే, 1503-1508 మధ్య ఫ్రాన్సు రాణి ఆన్ ఆఫ్ బ్రిటనీ కోసం తయారైన ప్రార్థనా గ్రంథంలో అమెరికా గుమ్మడి తీగ బొమ్మ కనిపిస్తుంది. ఆ తర్వాత పోర్చుగీసు ఓడల రాకపోకల కాలంలో మిరప, జీడిమామిడి, బొప్పాయిలతో పాటు మన దగ్గరికీ వచ్చేసింది.

ఇక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "మరి మన ఆయుర్వేద గ్రంథాల్లో కూష్మాండం ఉంది కదా, అవి కొలంబస్ కంటే ఎంతో పాతవి కదా?" ఉంది. కానీ అది బూడిద గుమ్మడి. అచ్చంగా మన ఆసియా మొక్క. వృక్షశాస్త్రంలో దాని ప్రజాతి బెనిన్కాసా, ఎర్ర గుమ్మడి ప్రజాతి కుకుర్బిటా. ఇద్దరూ దోస, సొర, కాకర వాళ్ళ కుటుంబమే గానీ అన్నదమ్ములు కారు.

దీనికి మన సామెతే సాక్ష్యం చెబుతుంది. గుమ్మడికాయల దొంగ అంటే వాడు భుజాలెందుకు తడుముకున్నాడు? భుజాన మోసుకెళ్ళిన కాయ బూడిద అంటుకుందేమోనని. ఎర్ర గుమ్మడి ఎత్తుకెళితే దులుపుకోవడానికేముంది? అంటే ఆ సామెత పుట్టినచోట ఉత్త 'గుమ్మడికాయ' అన్నా బూడిద గుమ్మడే. దిష్టికి వేలాడదీసేది, వడియాలు పెట్టేది కూడా అదే.

మొబైల్ వచ్చాక ఏమైంది? అప్పటిదాకా ఉత్త 'ఫోన్' అయినది 'ల్యాండ్‌లైన్' అయింది. ఇక్కడా అంతే జరిగిందని నా ఊహ. కొత్త కాయ వచ్చి పేరు తీసుకుంది, పాత కాయ ముందు 'బూడిద' అనే విశేషణం చేరింది. తమిళులు మాత్రం ఎర్ర గుమ్మడిని 'పరంగిక్కాయ్' అంటారు. పరంగి అంటే ఫిరంగివాడు, విదేశీయుడు. పేరులోనే పాస్‌పోర్టు పెట్టేశారు!

ఇదంతా మాటల పేచీ కాదు. మా నాన్నగారు రోజూ పొద్దున్నే బూడిద గుమ్మడి రసం తాగుతారు, "కళ్ళకి మంచిది, విటమిన్ ఏ" అని. ఎవరో పంపిన వాట్సాప్ ఫార్వర్డ్ చలవ. అందులో రెండు కాయల గుణాలూ కలిపి రాసేశారు. విటమిన్ ఏ ఉన్నది ఎర్రదానిలో. వంద గ్రాముల పచ్చి ముక్కల్లో 26 కేలరీలు, దాదాపు 92 శాతం నీరు, మూడు మిల్లీగ్రాముల చొప్పున బీటా కెరోటిన్. ఆ రంగు దానిదే. బూడిద గుమ్మడిలో 96 శాతం నీరే, విటమిన్ ఏ దాదాపు సున్నా. ఇంకోటి, కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె ఉండాలి. అమ్మ వేసే పోపు ఊరికే కాదు. గింజలు పారేయకండి, పైపొట్టు తీసిన పప్పు వంద గ్రాముల్లో 30 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకో మాట. హాలోవీన్‌కి చెక్కే కాయ పులుసుకి పనికిరాదు, పీచు, నీళ్ళు, చప్పన. బటర్‌నట్ స్క్వాష్ తెచ్చుకోండి. అది మన ఎర్ర గుమ్మడికి దగ్గరి చుట్టం. అక్కడ డబ్బాల్లో అమ్మే గుమ్మడి గుజ్జులో ఎక్కువ భాగం కూడా ఈ మాస్కాటా జాతిదే.

సంక్రాంతి దప్పళం మన సంప్రదాయమే కదా? అందులో గుమ్మడి, చిలగడదుంప, మిరప అమెరికావి. చింతపండు పుట్టిల్లు ఆఫ్రికా. అయినా అది దప్పళమే, మనదే. గుమ్మడికాయ వచ్చింది, మన పేరు పెట్టుకుంది, మన పోపులో మగ్గింది, మనదైపోయింది. దాన్ని మనదనడానికి వేదకాలపు జన్మపత్రిక పుట్టించక్కర్లేదు. పుట్టిస్తే నష్టం ఏమిటంటారా? మా నాన్నగారి గ్లాసు చూడండి.