వేరుశనగ కాండంకుళ్ళు: పరిశోధన ఉటంకింపుల్లో అనంతపురం

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ రైతును నిలువునా ముంచిన వైరస్ తెగులు ఇది. దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో పైరు దెబ్బతింది. నష్టం రూ.300 కోట్లకు పైమాటేనని అంచనా. లేత ఆకుల మీద మచ్చలు లేస్తాయి, మాడు కాడ మీదుగా కాండంలోకి దిగుతుంది, మొవ్వు ఎండిపోతుంది. నెలలోపు పైరుకు సోకితే మొక్క బతకదు. అప్పటికే రైతులకు తెలిసిన మొవ్వుకుళ్ళు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది కనుక చేలో నిలబడి రెండింటినీ పోల్చుకోవడం కష్టం.

కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని ఎ.ఎస్. రెడ్డి, ఆర్.డి.వి.జె. ప్రసాదరావు, డి.వి.ఆర్. రెడ్డి తదితరులు 2002లో 'ప్లాంట్ డిసీజ్' పత్రికలో నిరూపించారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఈ కృషికి కేంద్రం. ఈ వైరస్ శాస్త్రానికి కొత్తది కాదు. 1936లోనే జేమ్స్ జాన్సన్ అమెరికాలో పొగాకు మీద దీన్ని వర్ణించాడు. అది ఎలా సోకుతుందన్న చిక్కుముడిని 1987లో ఆస్ట్రేలియాలో స్డూడీ, టీకిల్ విప్పారు. వైరస్ ఉండేది పుప్పొడిలో. ఆ పుప్పొడి ఆకు మీద పడ్డాక తామరపురుగు అక్కడ గీరితే, ఆ గాయం గుండా వైరస్ లోపలికి పోతుంది.

అనంతపురం చేలలోకి ఆ పుప్పొడి వయ్యారిభామ నుంచి వచ్చింది. గట్ల మీద, బీళ్ళలో, రోడ్ల పక్కన వానలకు గుబురుగా లేచే ఈ కలుపులో వైరస్ ఉన్నా పైకి ఏ లక్షణమూ కనిపించదు. పూలలో తామరపురుగులు కాపురముంటాయి, పుప్పొడి గాలికీ పోతుంది, పురుగు ఒంటికీ అంటుకుంటుంది. ప్రసాదరావు బృందం 2003లో ప్రచురించిన పత్రం ఈ వైరస్ ఆశ్రయించే మొక్కలనూ తామరపురుగుల పాత్రనూ వివరించింది. ఎక్కడో దూరదేశంలో స్డూడీ, టీకిల్ రాసిన నాలుగు పేజీల పత్రం మన మెట్టచేలకు అక్కరకొచ్చిందంటే, దాన్ని వెతికి చదివినవారి శ్రద్ధే కారణం.

తర్వాత ఇదే వైరస్ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పొద్దుతిరుగుడు చేలలో బయటపడింది (2008 నివేదిక). అక్కడా ప్రధాన ఆశ్రయం వయ్యారిభామే. అప్పుడు అక్కడివారు భారతదేశపు పరిశోధనలను ఉటంకించారు.

తర్వాతి పత్రాల పీఠికల్లో ఆ రూ.300 కోట్ల అంకె తరచు కనిపిస్తుంది. అది ఏటా జరిగే నష్టం కాదు, 2000 నాటి ఒక్క విజృంభణకు వేసిన అంచనా.

నివారణకు ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి, చేను చుట్టూ జొన్న లేదా సజ్జ కంచె పంట సిఫారసు చేస్తారు. వయ్యారిభామను మాత్రం పూతకు రాకముందే పీకాలి. ఒక్క రైతు తన గట్టు శుభ్రం చేసుకుంటే సరిపోదు, ఊరి బీళ్ళూ రోడ్ల అంచులూ పంచాయతీలే పూనుకుని బాగుచేయాలి.