సరిహద్దులు – కొలమానములు

రాజ్యముల సరిహద్దులు నేలమీదనే కాక తక్కెడలోను, గజపుకఱ్ఱమీదను గూడ గీయబడినవి. తెలుగునాటికి వెలుపల తరతరములుగా నివసించుచున్న తెలుగువారికి ఈ గీతల కష్టము కొత్తది కాదు.

మణుగు అను మాటనే చూతము. చెన్నరాజధాని తూనికయందు సేరు 24 తులములు. 5 సేర్లు వీసె. 8 వీసెలు మణుగు. అనగా 960 తులములు. రైల్వేలలో వాడుకయందుండిన మణుగో 80 తులముల సేర్లు 40; అనగా 3,200 తులములు. పేరొక్కటియే యైనను బరువు మూడింతలకు మించినది. ఏ మణుగో తేల్చుకొనక బేరమాడినవాడు నష్టపోక తప్పదు.

యానామునందు చిక్కు వేఱొకవిధమైనది. చుట్టును బ్రిటిషు ఇండియా. లోపల ఫ్రెంచి ప్రభుత్వము. ఫ్రాన్సుదేశమున 1840 నుండి మెట్రిక్ మానము తప్పనిసరి యయ్యెను. బ్రిటిషువారివి మైలు, గాలను, అంగుళము. ఇట్టి రెండు మానముల నడుమ మోటారుబండి పొలిమేర దాటవలసివచ్చినచో, సుంకము చెల్లించినంతమాత్రమున పని ముగియదు. పది లీటర్ల పెట్రోలు సుమారు 2.2 గాలనులని లెక్కించుకొనవలెను. అర అంగుళపు నట్టు 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 మిల్లీమీటర్ల పానా తగిలించినచో అది జాఱి నట్టు అంచులు అరుగును. అన్నిటికంటె వేగము ప్రాణముతో ముడిపడినది. 50 కిలోమీటర్ల హద్దుగల బాటపై మైళ్లు చూపు ముల్లును 50 వద్ద నిలిపినవాడు, నిజమునకు 80 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. అంకె తప్పు కాదు. అంకె వెనుకనున్న మానము వేఱు.

1954 నవంబరు 1వ తేదీన యానాము పరిపాలన భారత ప్రభుత్వము చేతికి వచ్చెను. 1962 ఆగస్టు 16వ తేదీన బదిలీ చట్టరీత్యా పూర్తియయ్యెను. ఈలోపున 1956లో తూనికలు కొలతల చట్టము వెలువడి, 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు క్రమక్రమముగా అమలునకు వచ్చినవి. ఫ్రెంచివారు వెడలిపోయిన కొలదికాలమునకే వారి దేశపు మానము యావద్భారతమునకు మానమగుట విశేషము.

అయినను పాత గీతలు పూర్తిగ చెరగలేదు. ఎకరమునకు కర్ణాటకమున 40 గుంటలు, కోస్తాంధ్రమున 100 సెంట్లు అను లెక్క నేటికిని నడచుచున్నది. 20 సెంట్లనగా 8 గుంటలే. రెండుచోట్ల భూములుగల కుటుంబములవారు పంపకములయందు అంకెతోపాటు మానమును గూడ దస్తావేజులో స్పష్టముగా వ్రాయించుకొనుట మేలు. అన్నదమ్ముల తగవు అచటనే పుట్టును. అచటనే దానిని ఆపవచ్చును.